మా బావ ఈల, నా నాలుగు సెకన్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. ఆ కొంచెం అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. మా ఇంట్లో నేను ఏ సంగతి చెప్పినా సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ మడిచి, మిగిలింది మాత్రమే నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి, నేనేమీ అనుకోను.

మొన్న ఆదివారం మా మేనకోడలు మార్కాపురంలో పిల్లలకు లాక్రోస్ నేర్పుతుంటే చూడటానికి వెళ్లాను. మైదానం చివర ఎర్రటి అంకెల పెట్టె ఒకటి కొత్తగా నిలబెట్టారు. ముప్పై నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వచ్చి సున్నా దగ్గర అది పెట్టిన కూతకు నల్లమలలో పులులు మూటాముల్లె సర్దుకొని ఉంటాయి. పిల్లలు మాత్రం తలైనా తిప్పకుండా బంతిని అవతలి జట్టుకు వదిలేశారు. వాదన లేదు, వంక లేదు. ఒకప్పుడు ఆ పెట్టె చేసే పని నేను చేశాను, నన్ను మాత్రం అంత తేలిగ్గా ఎవరూ వదిలిపెట్టలేదు.

మన వయసువాళ్లకు ఈ ఆట గురించి చెప్పాలంటే ఒడిసెల దగ్గర మొదలుపెట్టాలి. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడానికి రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలేవాళ్లం కదా, నేను వదిలిన రాయి తగిలి దొనకొండ స్టేషన్లో ఆగివున్న రైలు కదిలిందని ఇప్పటికీ చెప్పుకుంటారు, అంటే నేను చెప్పుకుంటాను. ఆ ఒడిసెలను ఒక కర్ర చివర వలబుట్టగా బిగించి, రాయికి బదులు రబ్బరు బంతి వేస్తే అదే లాక్రోస్. గోలు కాసే మనిషి తప్ప ఎవరూ బంతిని చేత్తో ముట్టకూడదు, బుట్టలో పెట్టుకొని పరిగెత్తాలి, బుట్టతోనే విసరాలి, బుట్టతోనే అందుకోవాలి. గోలు చుట్టూ గీసిన గుండ్రంలో ఎదుటి జట్టు కాలు పెట్టకూడదు. మా వైపు ఆడింది జట్టుకు ఆరుగురి ఆట, ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ప్రాణం తోడేసేది మాత్రం ముప్పై సెకన్ల లెక్క. బంతి దొరికిన జట్టు ఆలోపు గోలు మీదికి కొట్టాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది.

నాలుగైదేళ్ల కిందట నేను పెద్దారవీడులో డ్రిల్లు మాస్టారుగా ఉన్నప్పుడు మార్కాపురం ఆడపిల్లలకూ గిద్దలూరు ఆడపిల్లలకూ అక్కడి కాలేజీ మైదానంలో పోటీ పెట్టారు. గెలిచిన జట్టులోంచే రాష్ట్ర శిబిరానికి పిల్లల్ని తీసుకుంటామన్నారు. మా మేనకోడలిది గిద్దలూరు జట్టు. రాచర్లలో గొర్రెల మంద కాసే మా బావ, అంటే పిల్ల నాన్న, అంతకు వారం ముందే మాట తేల్చేశాడు. ఈసారి పేరు వస్తే సరే, రాకపోతే ఆటా వద్దు, కాలేజీ వద్దు, ఎండాకాలం మందతో అడవి అంచుకు రావాల్సిందే అన్నాడు. మా అక్క బతిమాలినా మెత్తబడలేదు. పిల్ల మాత్రం రోజూ పొద్దున్నే లేచి దొడ్డిగోడకు బంతి కొట్టుకుంటూ పోయింది.

ఆనాటి ఎండకు నా నీడ నన్ను వదిలేసి పోయి చెట్టు కింద కూర్చుంది. ఆ ఎండలో గడియారం పట్టుకొని నిలబడే మొనగాడు ఇంకెవరూ దొరక్క, మేనమామనని తెలిసీ నన్నే నిలబెట్టారు. కుడిచేతి గడియారం ఆటది, ఎడమచేతిది ముప్పై సెకన్లది. బంతి చేయి మారినప్పుడల్లా ఎడమ బొటనవేలితో నొక్కి మళ్లీ మొదలుపెట్టాలి. నొక్కి నొక్కి ఆ వేలు సాయంత్రానికి గుమ్మడికాయంత అయింది.

చివరి భాగంలో ఇరు జట్ల గోల్స్ సమానం. ఆటకు అర నిమిషం కూడా లేదు. బంతి మా పిల్ల బుట్టలో ఉంది, చుట్టూ మార్కాపురం పిల్లలు మూగి ఆమెను మైదానం అంచు గీత వైపు నెట్టుకుపోతున్నారు. నేను ఎడమచేతి గడియారం మీదినుంచి కన్ను తీయలేదు. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు. అప్పుడు వినపడింది ఈల.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. గోలు దగ్గరి పిల్ల కర్ర దించేసింది. ఒంగోలు నుంచి వచ్చిన రెఫరీ తన ఈల తన జేబులోనే ఉండటం చూసి బిత్తరపోయాడు. ఆ ఈల మా బావది. గీత అవతల నిలబడి చూస్తున్న మనిషికి, గుంపు ఒక పక్కకు ఒరిగేసరికి మంద చేలో పడబోతున్నట్టే తోచి, అలవాటుకొద్దీ రెండు వేళ్లు నోట్లోకి పోయాయి. ఆ ఈల వింటే గొర్రె ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగుతుంది. ఆగనిది ఒక్క మా పిల్లే. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచి విన్న ఈల కాబట్టి అది ఎవరిదో దానికి తెలుసు. పోయి గోల్ కొట్టేసింది.

ఆ గోలు చెల్లదన్నారు, అది న్యాయమే. బయటి ఈలకు ఆట ఆగింది కాబట్టి బంతి గిద్దలూరుకే ఇచ్చి, ముప్పైలో ఎంత మిగిలిందో అంతే ఇస్తానని రెఫరీ నా దగ్గరికి వచ్చాడు. చూస్తే ఎడమచేతి గడియారంలో ఆ ఇరవై ఆరు లేదు, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఈల వినగానే నా వేలు కూడా గొర్రెలాగే అలవాటు ప్రకారం నొక్కేసింది. నాలుగు సెకన్లు మిగిలాయి అన్నాను.

మార్కాపురం జట్టు మాస్టారు నన్ను ఎరిగినవాడు. “ఈయప్ప చెప్పిన నాలుగును ఎంత అనుకోవాల సార్? పోయిన నెల వానకు బస్సు తేలిపోయిందని చెప్పిన మనిషి.”

మైదానమంతా నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక కూడికా తీసివేతా లేకుండా నేను చెప్పిన మాట అదొక్కటే, దాన్నే ఎవరూ నమ్మలేదు. చెమట కాదు, నానుంచి గుండ్లకమ్మ ఏరే పారింది. అప్పుడు మా మేనకోడలు కర్ర భుజాన వేసుకొని వచ్చి రెఫరీ ముందు నిలబడింది.

“మా మామ అబద్ధం చెప్తే నాలుగని చెప్పడు సార్. ఇరవై నాలుగని చెప్తాడు.”

రెఫరీ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నాలుగిచ్చాడు.

నేను గడియారం నొక్కాను. పిల్ల ఒక్క అడుగు పక్కకు వేసి, మంచె మీద ఒడిసెల తిప్పినట్టే నడుం తిప్పి వదిలింది. బంతి గోల్లోకి దూరి, వలను చించుకొని, కాలేజీ గోడ దాటి, కంభం రోడ్డు మీద పోతున్న లారీ ఎక్కి వెళ్లిపోయింది.

ఇదీ నేను చెప్పుకునే కథ. ఎవరైనా సగానికి కోయవలసింది ఇక్కడే. ఆ బంతి లోపలికి పోలేదు. గోలు కమ్మీకి తగిలి ఎగిరింది, మార్కాపురం పిల్ల అందుకొని అటు పరిగెత్తి గోల్ కొట్టింది. మేం ఓడిపోయాం. మా పిల్ల పేరు ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది.

ఆ రెండేళ్ల మధ్య దారి మళ్లింది మాత్రం ఆ సాయంత్రం రాచర్లకు తిరిగొస్తున్న ఆటోలో. మందతో రమ్మనే మాట ఎప్పుడొస్తుందా అని నేను బావ మొహమే చూస్తున్నాను. ఊరి దీపాలు కనబడేసరికి బావ కూతురి వైపు తిరిగాడు.

“నా ఈలకు మందంతా ఆగింది, నువ్వొక్కదానివే ఆగలా. ఇంక ఇంటికాడ ఆపితే మాత్రం ఆగుతావా? పోయి చదువుకో, ఆడుకో.”

ఇది నేను కల్పించింది కాదు, కల్పించడం నా వల్ల అయ్యేదీ కాదు. మంద ఇప్పుడు బావ చేతిలో లేదు, ఆ ఈల విని చాలా రోజులైంది. గడియారం పనికి పెట్టె వచ్చింది. అది పెంచి చెప్పదు, ఎవరికీ మేనమామ కాదు, దాని మాట నమ్మండని ఎవరూ ముందుకొచ్చి నిలబడనక్కర్లేదు. నేను మాత్రం చెప్పిన ప్రతిసారీ ఆ బంతిని లోపలికే పంపిస్తున్నాను. మిగిలిన నాలుగు సెకన్లు మాత్రం నాలుగే.