తమ్ముడి సమాధి మీది బిళ్ళగన్నేరు

బిళ్ళగన్నేరంటే నాకు ఒళ్ళుమంట. కుండీల్లో పెట్టుకుని మురిసిపోయేవాళ్ళని చూస్తే ఇంకా మంట. నీళ్ళు పొయ్యకపోయినా బతుకుతుంది, మేక మూతి పెట్టదు, ఉప్పుగాలికి మాడదు, ఏడాది పొడుగునా అయిదు రెక్కల పూలు పూస్తానే ఉంటుంది. సన్నటి కాయలు జంటగా కాసి, ఎండి పగిలి, నల్లటి గింజలు ఇసకలో రాలతాయి. ఒక్క వాన పడితే చాలు, ఎవరూ నాటకుండానే మొలుస్తాయి.

దొరవారిసత్రానికి తూర్పుగా, పులికాటు ఒడ్డున మా ఊరు. ఎటు చూసినా ఇసకే. మా కిరస్తానీ పేటలో ఎవరన్నా పోతే సమాధి మీద ఈ మొక్కే నాటేవాళ్ళం. వేరే దేన్నీ మేకలు బతకనీవు. అరవ ఊరికి కోడలుగా పోయిన మా మేనత్త, అక్కడ దీన్ని సుడుగాట్టు మల్లి అంటారని చెప్పేది, అంటే శ్మశానంలో మల్లెపూవని. ఈ పూవు తల్లో పెట్టుకుంటే అమ్మ నా వీపు పగలగొట్టేది. ఊరంతా గులాబిరంగువే. తెల్లవి ఒక్కచోటే ఉండేవి, ఏడాది నిండకుండా పోయిన మా తమ్ముడి సమాధి మీద. అమ్మ యాడినుంచో తెచ్చి నాటింది.

మా నాయన టైలరు. నాకు పదమూడేళ్ళప్పుడు, పందొమ్మిదివందల అరవైల్లో, ఆయనకి చక్కెర జబ్బు బయటపడింది. మనిషి చిక్కి సగమైనాడు. చూపు ఆనక, సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. నెల్లూరు ఆసుపత్రిలో రోజూ ఇంజెక్షను ఏసుకోమన్నారు. మందు సీసా తడి ఇసక కుండలో దాచుకుని, పొద్దున్నే తొడకి తనే పొడుచుకునేవాడు. ఇన్నాళ్ళూ గుడ్డని పొడిచినందుకు సూది పగ తీర్చుకుంటా ఉందని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అత్త చూడ్డానికొచ్చి, తెల్ల బిళ్ళగన్నేరు ఆకులు ఏడు పరగడుపున నమిలితే చక్కెర దిగిపోతుందని చెప్పింది. గులాబిరంగుది పనికిరాదంట. అంటే తమ్ముడి మీదదే కావాలి. అమ్మ రెండు రోజులు ఒప్పుకోలా. మూడోరోజు తనే పోయి కోసుకొచ్చింది.

గుణం తెలిసేదెట్ట? దానికీ అత్తే ఉపాయం చెప్పింది. చక్కెర జబ్బు మనిషి మూత్రం పోసిన చోట చీమలు పడతాయి; చీమలు రాకపోతే జబ్బు పోయినట్టే. పెరట్లో కంచె పక్కన, నాయన పోసే చోట చీమలు బారులు కట్టేవి. రోజూ పెరడు ఊడ్చేది నేనే గనక, చూసి చెప్పే పని నాకు పెట్టినారు.

మూడు వారాలైనా చీమలు తగ్గలా. అప్పుడు మలేరియా వాళ్ళొచ్చినారు. ఇళ్ళ గోడలకి పంపులతో డీడీటీ కొట్టి, మిగిలిన తెల్లనీళ్ళు మా కంచె పక్కన పారబోసి పోయినారు. మర్నాడు ఊడుస్తా ఉంటే చీపురు కింద చేటెడు చీమలు, అన్నీ చచ్చి. ఇసకతో పాటు ఎత్తి కంచె అవతల పోసినా. లోపలికొచ్చేసరికి నాయన మంచం మీద లేచి కూచోనున్నాడు.

"చీమలున్నాయా అమ్మా?"

"ఒక్కటి కూడా లేదు నాయనా."

అబద్ధం కాదు. చచ్చినాయి అనే మాట ఒక్కటే మింగినా. ఆయన మొహం అట్ట వెలిగిపోతే నోరు రాలా, రేపు చెబుదాంలే అనుకున్నా. అత్త మోకాళ్ళ మీద కూచుని ప్రార్థన చేసింది. నాయన ఇంజెక్షను సూదిని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేసినాడు. రేపూ వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. నేను చెప్పలా.

అయిదోరోజు కడవెడు నీళ్ళు తాగినా దాహం తీరలా. ఆరోరోజు వాంతులు, ఎగశ్వాస, నోట్లోంచి మాగిన పండు వాసన. చక్కెర పోయిందనే నమ్మకంతో అందరూ కలరా అనుకున్నారు. బండి కట్టి రైలుస్టేషనుకి తోలుకుపోతా ఉంటే, మిట్టమధ్యాహ్నం దారిలోనే పోయినాడు. మందు సీసా కుండలో అట్టనే ఉండింది.

తమ్ముడి పక్కనే పూడ్చినాం. మూడోరోజు అమ్మ ఆ తెల్ల మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేసింది. పీకతా నాతో అనింది.

"బిడ్డ గుండెల మీద ఆకు తెంపితిని గదే. వాడికి కోపమొచ్చి నాయన్ని పిలుచుకున్నాడు. నేనే చంపుకున్నా."

చీమల సంగతి చెప్తే ఆమె నెత్తిన బరువు దిగుతుంది. దిగి నా మీద పడుతుంది. భయపడినా. పక్కన కూచుని నేనూ పీకినా.

పసిపిల్లల రక్తం కాన్సరుకి ఈ మొక్కనించే మందు తీస్తారని చాన్నాళ్ళకి విన్నా. మంచిదే. దాని తప్పేముంది?

అమ్మ ఇంకా ఇరవై రెండేళ్ళు బతికింది. కొడుక్కి మొహం చూపించలేనని ఆ సమాధుల దిక్కుకి మళ్ళీ పోలేదు. ఆమెని అక్కడికి మోసుకుపోయిన రోజు చూస్తే, రెండు సమాధుల నిండా తెల్లపూలే. వంగి గుప్పెడు ఇసక వేస్తా, ఎవరికీ వినపడకుండా చెప్పినా.

"ఆ చీమలు డీడీటీకి చచ్చినాయమ్మా. ఊడ్చి పోసింది నేనే."