దీపం ఆరే చోటు

కినుయె టోక్యోలోని గింజా పేటలో ఒక పెద్ద దుకాణంలో చేతితొడుగులు అమ్ముతుంది. గడప దాటింది మొదలు మొహమ్మీంచి నవ్వు తీయదు. ఆమె కొలువే అది. పూర్వం ఆమె కొలువుకు వెళ్లే దారిలో తిరిగిన పసుపుపచ్చ భూగర్భ రైలుపెట్టెలకు పక్కపట్టా నుంచి కరెంటు అందేది. ప్రతి స్టేషన్‌కూ కాస్త ముందు ఆ పట్టా తెగిన చోట దీపాలన్నీ రెప్పపాటు ఆరిపోయి, గోడకున్న చిన్న బ్యాటరీ దీపం ఒక్కటే గుడ్డిగా వెలిగేది. చదువుకునేవాళ్లు పేజీ మీద వేలు పెట్టుకునేవారు. కినుయె నవ్వు దించుకునేది. వెలుగు రాగానే మళ్లీ తగిలించుకునేది. ఆ పెట్టెలు పాతబడ్డాయని తీసేశారు. వెండిలా మెరిసే కొత్తవాటిలో దీపాలు ఎక్కడా ఆరవు. హాయిగా ఉందని అందరూ అన్నారు. ఆమె కూడా అంది.

ఇవాళ రైల్లో పక్కన నిలబడ్డ తోటి ఉద్యోగిని ఫుమికో వాగుతూనే ఉంది.

“నాలుగో గొడుగండీ మా ఆయన పారేసుకొచ్చింది! ఈసారి మెడకే కట్టి పంపిస్తా...” అంటూ చటుక్కున ఆగింది. నిండు వెలుగులో కినుయె మొహం వెల్లవేసిన గోడలా ఉంది.

“అయ్యో, కినుయె గారూ! ఎవరైనా పోయారా?”

“ఎవరూ పోలేదండీ,” అంది కినుయె. నవ్వు అప్పటికే వచ్చేసింది. “గింజా స్టేషన్ వస్తోంది.”