జూలీ కడుపులో లెక్క

1998 జూన్‌లో నన్ను వర్తూరు పశు చికిత్సాలయానికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ ఆఫీసరు. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయిన వర్తూరు అప్పటికింకా ఊరే. చెరువు కింద గులాబీ తోటలు, ఇంటింటా సీమ ఆవులు. నాది హిందూపురం పక్క పల్లె. కర్ణాటక సర్కారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆవులూ గేదెలే నా లోకం. కుక్కల కేసులంటే నాకు కొంచెం చిన్నచూపు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

ఆ చిన్నచూపు పోగొట్టింది నారాయణమ్మ గారి జూలీ. నారాయణమ్మ గారికి అరవై దాటాయి. భర్త లేరు. కూతురు సరోజ యలహంకలో కాపురం. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కదిరి వైపు నుంచి వచ్చి వర్తూరులో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఎకరన్నర గులాబీ తోట, ఒక పెంకుటిల్లు, తెల్లటి పొమేరియన్ కుక్క జూలీ. పొద్దున పూలు కోసేటప్పుడు అది సాలు సాలుకీ ఆవిడ వెనకే నడిచేది. ఇంట్లో ఆవిడ మాట్లాడటానికి ఉన్న ప్రాణి అదొక్కటే.

మరుసటి ఏడు జూలీ చూలు కట్టింది. ఐదేళ్ళ వయసులో తొలిచూలు, దానికి తోడు సన్నటి నడుము. ఇలాంటి వాటికి కాన్పు కష్టమవుతుంది. పరీక్ష చేయించాలన్నాను. జనం అన్నింటినీ స్కానింగ్ అనే అంటారు గానీ, ఇందులో రెండు రకాలున్నాయి. నెల రోజులకు చేసే అల్ట్రాసౌండ్‌లో పిల్లల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, కానీ ఎన్ని పిల్లలో కచ్చితంగా తేలదు. యాభై అయిదు రోజులు దాటాక తీసే ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి. తలలు లెక్కపెడితే సరిపోతుంది. లెక్క తెలిస్తేనే కాన్పు ముగిసిందో లేదో తెలుస్తుంది. నాకు కావలసింది ఈ రెండోది.

ఆవిడ ససేమిరా అన్నారు.

"వద్దు సార్. మా ఇంట్లో పొదిగే కోడి కింద గుడ్లు గూడా లెక్కబెట్టం. మా సరోజకు స్కానింగ్ చేసి ఇద్దరు బిడ్డలని చెప్పినారు. ఊరంతా చెప్పుకొంటిమి, రెండు ఉయ్యాలలు తెస్తిమి. ఇంటికి ఒక్కర్నే తెచ్చుకొంటిమి. కడుపులో ఉండేది బయటికొచ్చినాక లెక్కబెడదాం."

అయినా వారం రోజులు నచ్చజెప్పాను. చివరికి నేనే ఒక మధ్యేమార్గం చెప్పాను: ఎక్స్‌రే తీయిద్దాం, లెక్క నా దగ్గరే ఉంటుంది, మీ చెవిన పడదు. ఆవిడ జూలీ వీపు నిమురుతూ, "నా చెవిన మాత్రం పడగూడదు సార్" అని ఒప్పుకున్నారు.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం లేదు. మారతహళ్ళిలో మనుషులకు ఎక్స్‌రేలు తీసే ల్యాబతను రోగులంతా వెళ్ళిపోయాక, వెనక తలుపు గుండా మమ్మల్ని రానిచ్చాడు. ఫిల్ము ఆరాక కిటికీ వెలుగులో పట్టి చూశాను. మూడు తలలు వరసగా, నాలుగోది పక్కటెముకల కింద కొంచెం మరుగున. నాలుగు. బయట ఆటోలో కూర్చున్న నారాయణమ్మ గారు నా ముఖం వైపు కూడా చూడకుండా తల తిప్పుకున్నారు, ఆ లెక్క ఎక్కడ నా ముఖంలో కనబడిపోతుందో అని. నాకు నవ్వొచ్చింది. ఫిల్ము తెచ్చి ఆసుపత్రి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ వారమే హొసకోటె వైపు గాలికుంటు టీకాల శిబిరానికి నన్ను మూడు రోజుల డెప్యుటేషన్ మీద వేస్తూ అసిస్టెంట్ డైరెక్టరు ఉత్తర్వు వచ్చింది. కాదనే వీల్లేదు. జూలీకి రోజులు దగ్గర పడ్డాయి. కాంపౌండరు బసవరాజును పిలిచి కాల్షియం ఎప్పుడు ఇవ్వాలో, నొప్పులు రెండు గంటలు దాటితే ఏ ఆసుపత్రికి పంపాలో అన్నీ చెప్పాను. లెక్క ఒక్కటే చెప్పలేదు. బసవరాజు మంచివాడే గానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. పైగా అతని భార్య నారాయణమ్మ గారి తోటలో పూలు కట్టేది. పొద్దున చెబితే మధ్యాహ్నానికి ఆవిడకు తెలిసిపోతుంది. బీరువా తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కాను.

రెండో రోజు శిబిరం దగ్గర టీ తాగుతుంటే ఎదురుగా ఎస్టీడీ బూత్ కనిపించింది. మా ఆసుపత్రి ఎదుటి కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే బసవరాజును పిలుస్తారు. చేసి లెక్క చెప్పేద్దామా అనుకున్నాను. ఇచ్చిన మాట గుర్తొచ్చింది, ఇంకో టీ చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చి బస్టాండు నుంచి నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. నన్ను చూడగానే నారాయణమ్మ గారు గేటు దాకా ఎదురొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. మూడు వేళ్ళు పైకెత్తి, "ఇప్పుడు చెప్పుకోవచ్చు సార్. మూడు! మూడూ బాగుండాయి!" అన్నారు.

ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాను.

ముందురోజు పొద్దున పదింటికల్లా మూడు పిల్లలు పుట్టాయి. బసవరాజు వచ్చి పొట్ట తడిమి చూశాడు. కాన్పయ్యాక గర్భసంచి గట్టిగానే తగులుతుంది. చేతికి తగిలింది అదేననుకుని, అయిపోయిందన్నాడు. జూలీ పాలిచ్చింది, గంజి తాగింది. ఆ రోజు పొద్దున్నుంచి మాత్రం, "సుమ్నే, ఊరికే పండుకోనుండాది సార్, అలిసిపోయినట్టుండాది" అని ఆవిడ అన్నారు. జూలీ దగ్గర కూర్చున్నాను. ఒళ్ళు కాలిపోతోంది, తోక కింద నలుపు తిరిగిన పచ్చటి స్రావం. నాలుగోది లోపలే చనిపోయింది.

ఆటోలో నగరంలోని పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. ఆపరేషన్ చేసిన సర్జన్ నాకు జూనియర్. ఎన్ని పిల్లలో ముందే తెలియదా సార్ అని మామూలుగానే అడిగాడు. తెలుసన్నాను. విషం అప్పటికే రక్తంలోకి పాకిపోయింది. జూలీ బల్ల మీదే పోయింది.

బయట బెంచీ మీద మూడు పిల్లలను ఒళ్ళో తువ్వాలులో పెట్టుకుని కూర్చున్న ఆవిడకు నేనే చెప్పాను. నాలుగో పిల్ల సంగతి కూడా చెప్పాను. ఆవిడ వెంటనే ఏడవలేదు. "నీకు తెలుసు గదా సార్?" అన్నారు. తెలుసమ్మా అన్నాను.

"నాకు చెప్పొద్దంటి. నేను ముసిల్దాన్ని, భయపడేదాన్ని. నువ్వు డాక్టరువి గదప్పా."

అప్పుడు ఏడ్చారు. ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. మూడు పిల్లలనూ ఆవిడే సీసా పాలతో పెంచారు. తర్వాత నన్ను ఎక్కడ చూసినా పలకరించారు, కానీ మళ్ళీ ఏ కుక్కనూ మా ఆసుపత్రికి తేలేదు.

ఆ తర్వాత పదేళ్ళు సర్వీసు చేసి రిటైరయ్యాను. ఎక్స్‌రే తీయించిన ప్రతి చూలు కుక్క లెక్కనూ కేసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కాంపౌండరుతో చదివించి సంతకం పెట్టించేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు లెక్క మాకు చెప్పొద్దంటే బలవంతం చేయలేదు. కాన్పు దగ్గర ఉండే ఒక్కరికైనా చెప్పనిదే ఊరు దాటలేదు.

ఆవిడ నమ్మకం వల్ల ప్రాణం పోయిందని కొన్నాళ్ళు సర్ది చెప్పుకోవాలని చూశాను. అది అబద్ధం. ఆవిడ అడిగింది తనకు చెప్పవద్దని మాత్రమే. బసవరాజుకు చెప్పకపోవడం, ఫిల్ముకు తాళం వేయడం నేను కలుపుకున్నవి. ఆ నాలుగు తలలు లెక్కపెట్టడానికి నాకు అర నిమిషం పట్టింది. బస్సెక్కే ముందు బసవరాజుతో "నాలుగు" అనడానికి అంత కూడా పట్టేది కాదు.