నాలుగో మడి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడూ లేదనే చెబుతాను, కాకపోతే మునుపటిలా గొంతు లేవదు. పురుగుల్ని ఎంచి పట్టికలు వేసే చదువు నాది, గుంటూరులో పీహెచ్‌డీ.

వినుకొండ దగ్గర మిరప చేలో నాలుగు మడుల్లో ఒక కొత్త మందు కొట్టించాం. పూలని తెల్లకాగితం మీద తట్టి, రాలిన నల్ల తామర పురుగుల్ని ఎంచడం, అక్కడ మాకు కూలికి కుదిరిన సుబ్బయ్య పని. ఆఖరి వారం ముసురు పట్టింది. "నాలుగో మడి ఎంచలేదమ్మా, వాన ఆగితేగా!" అని ఫోన్ చేశాడు. నేను చూసుకుంటాలే అన్నాను. వెళ్లలేదు. మిగతా మూడింటిని చూసి ఒక అంకె వేసేశాను. బద్ధకం, ఇంకేం కాదు. తర్వాత అడిగితే, "చూశాలే సుబ్బయ్యా, మందు బాగా పనిచేసింది" అని బొంకాను. మా గైడు గారికి కూడా ఈ సంగతి తెలియదు.

మరుసటి ఏడు సుబ్బయ్య గుండె ఆగి పోయాడు.

వ్యాసం ఒక పత్రికకి పంపితే నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు. గడువులోగా అచ్చు కాకపోతే నాకు డిగ్రీ రాదు, రాబోయే ఉద్యోగమూ పోతుంది. ఒకే వ్యాసం రెండు చోట్ల ఉండకూడదు గనక, ముందు వెనక్కి తీసుకుని వేరే పత్రికకి పంపుదామన్నారు సారు. ఆలస్యం వల్ల ఉపసంహరించుకుంటున్నామని ఒకే ఒక్క వాక్యంతో ఉత్తరం. ఇద్దరం సంతకాలు పెట్టాం. పట్టపగలు, నా చేత్తో నేనే స్కాన్ చేసి పంపాను.

మర్నాడు జవాబొచ్చింది. నాలుగో మడిలో పురుగుల్ని లెక్కించలేదని మీరే తెలిపారు కాబట్టి ఉపసంహరణకి అంగీకరిస్తున్నాం, అని.

నేను పంపిన మెయిల్ తెరిచాను. స్కాన్‌లో, మా సంతకాలకి పైన, నాలుగో మడి ఎంచలేదన్న రెండో వాక్యం ఉంది. మొదటి వాక్యంలో ఉన్న అచ్చక్షరాలే. ఫైల్లోని అసలు కాగితం మీద లేదు. సారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది నిజమేనా అమ్మా?" అని ఒక్కటే అడిగారు.

నిజమేనన్నాను. ఇక ఏ పత్రికకీ పంపలేదు. డిగ్రీ ఆగింది, ఉద్యోగం పోయింది.

సుబ్బయ్య భార్య దగ్గర తప్పు ఒప్పుకుందామని వాళ్ల ఊరెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ ఏడుపందుకుంది.

"కౌలు చేలో వేరే మందు కొట్టవయ్యా అని ఊరంతా మొత్తుకున్నారు తల్లీ. ఇంటేనా! అమ్మగారు నాలుగో మడి కూడా చూసొచ్చారంట, అదే కొడతానన్నాడు. పూతంతా రాలిపోయింది. ఆ చేలోనే కూలబడ్డాడు."

ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాను.

ఆ వాక్యం అక్కడికి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. స్కానర్ బాగుచేసే అతన్ని కూడా అడిగాను, నవ్వాడు. ఆవిడకి మాత్రం నేనింకా నిజం చెప్పలేదు.