క్వెక్ గారి ‘ఎంత?’

క్వెక్ బూన్ హొక్ గారికి ఏది చెప్పినా "ఎంత?" అని అడిగే జబ్బు ఉండేది. సింగపూర్‌లో మా పండు ఈగల ప్రయోగశాలకు ఆయనే పెద్ద. పదిహేడేళ్లు ఆయన కింద పనిచేసినవాణ్ని, ఆ జబ్బుకు మందు లేదని చెప్పగలను.

"వాన పడుతోంది సార్."

"ఎంత?"

"గొడుగున్నా తడిసేంత."

"అలా చెప్పు. ఉత్త వానంటే నాకేం తెలుస్తుంది?"

వయసులో ఉన్నప్పుడు ఒక సంబంధం వచ్చిందట. "అమ్మాయికి మీరు నచ్చారు" అన్నారు మధ్యవర్తులు. ఈయన ఎంత అని అడిగారు. ఆ సంబంధం అక్కడే ఆగింది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా ఒంటరే. ఆదివారాలు కూడా ఈగల సీసాల మధ్యే గడిచేవి.

తప్పు ఈగలదే. ఈగ ఇంకా పురుగుగా ఉన్నప్పుడే, రాబోయే రెక్క తాలూకు కణాలకు ఒక కబురు వెళుతుంది. అది గట్టిగా అందిన కణాలు రెక్కకు నడిమి భాగమవుతాయి, పలచగా అందినవి పక్క భాగాలవుతాయి. "కబురు అందిందా అని కాదయ్యా, ఎంత అందిందన్నదే వాటి తలరాత" అనేవారు. ముప్పై ఏళ్లుగా ఆ ఎంతనే కొలుస్తున్నారు.

మా ఈగలకు మొక్కజొన్న పిండి, పంచదార కలిపి జావ కాచే రొకయా మక్‌చిక్‌కు భర్త పోయాడు. మక్‌చిక్ అంటే మలయ్ భాషలో పిన్ని, మేమంతా ఆవిణ్ని అలాగే పిలిచేవాళ్లం. నలభై రోజులకు పనిలోకి వచ్చింది. అందరం ధైర్యం చెప్పాం. అందరితోనూ బాగానే ఉన్నానంది. క్వెక్ గారితో మాత్రం, "బాధగానే ఉంది డాక్టర్" అంది.

"ఎంత?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ గరిటె ఆపి ఆలోచించింది.

"పొద్దున తక్కువే. ఒంటిగంటకి ఎక్కువ. ఆ వేళకి ఆయన ఫోన్ చేసి, తిన్నావా అనేవాడు."

క్వెక్ గారు దాన్ని పుస్తకంలో రాసుకున్నారు.

మర్నాడు ఒంటిగంటకు, ఆవిడ తినే కొట్టు నుంచే రెండు నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు తెచ్చి ఎదురుగా కూర్చున్నారు. "ఇవాళ ఎంత?" అన్నారు. ఆవిడ చెప్పింది. మాటలంతే, తినేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత రోజూ అంతే. ఒకసారి పైఅధికారుల సమావేశం మధ్యలోంచి కూడా లేచొచ్చారు.

రెండు నెలలకు ఆవిడే అడిగింది.

"మరి మీకెంత డాక్టర్?"

"ఏది?"

"ఒంటరితనం."

ఆయన కొబ్బరన్నం వైపు చూశారు. "ఎప్పుడూ కొలవలేదు మక్‌చిక్."

"కొలవక్కర్లేదు. రేపట్నుంచి పొట్లాలు మానేయండి, నేను వండి తెస్తాను. ఇన్నేళ్లుగా మీ ఈగలకు వండుతున్నా, ఒక్కటీ వంక పెట్టలేదు."