బొమ్మ నిలబెట్టే చెయ్యి

కాజాల అక్కను ఆ వీధిలో ఎరగనివాళ్లు లేరు. చొక్కాల కార్ఖానాలో వయసంతా కాజాలు కుట్టడానికే ధారపోసింది. చొక్కాకి అందం కాలరే అంటారు గానీ, కాజా వంకరగా ఉంటే ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటాడు? కళ్లు మసకబారాక కార్ఖానావాళ్లు మెడలో ఒక దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి సాగనంపారు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, తమ్ముడి పంచన చేరింది.

తమ్ముడు కరెంటు సామాన్ల కొట్టులో గుమస్తా. ఇల్లంటే ముందుగది, పడగ్గది, వంటిల్లు, దాని వెనక పాత సామాన్లు పడేసే కొట్టుగది. అక్కకు దక్కింది కొట్టుగది. దానికి కిటికీ లేదు. బట్టలుతికే మిషను అందులోనే ఉంది, తిరిగినప్పుడల్లా మంచం కూడా అదిరేది. సాయంత్రం నలుగురితో పాటు టీవీ చూద్దామని ఆమె ముందుగదిలోకి వస్తే, మరదలు మెడ పక్కకి వంచి చూసేది.

"వదినా, కాస్త అడ్డం తప్పుకుంటారా?"

తప్పుకుని గుమ్మంలో నిలబడేది. కాళ్లు పీకితే వెళ్లి పడుకునేది. ఎందుకొచ్చావని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఇలా ఉండగా తమ్ముడికి కేబులు దండగ అనిపించింది. గాల్లో ఉచితంగా వస్తుంటే వైరుకి డబ్బులెందుకని, కొట్టులోంచి ఒక డిజిటల్ బాక్సూ, అల్యూమినియం పుల్లల యాంటెనా ఒకటీ పట్టుకొచ్చాడు. పాత టీవీలో సిగ్నల్ సరిగా లేకపోయినా గీతల చాటున మనుషులు కనబడేవాళ్లు. ఈ డిజిటల్ వ్యవహారానికి ఆ మొహమాటం లేదు. వస్తే అద్దంలా వస్తుంది, రాకపోతే మొహం గళ్లు గళ్లుగా విడిపోయి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు. యాంటెనాని ఫ్రిజ్ మీద పెట్టారు, బీరువా మీద పెట్టారు, కిటికీ ఊచకి కట్టారు. గాలికి ఊగి మళ్లీ గళ్లే. విసుగొచ్చి ఒకరోజు తమ్ముడు దాన్ని గుమ్మంలో ఉన్న అక్క చేతికిచ్చి, కిటికీ దగ్గర పట్టుకోమన్నాడు. బొమ్మ నిలబడింది.

"నీ చేతిలో ఏదో ఉందక్కా," అన్నాడు.

ఏమీ లేదు. కాజాలు కుట్టిన చెయ్యి, వణకదు, అంతే. కానీ ఇంటిల్లిపాదీ ఆ మాట నమ్మారు, అందరికన్నా ముందు ఆమే నమ్మింది. కిటికీ పక్కన ఆమెకో కుర్చీ వేశారు. వీధికి మొహం పెట్టి, టీవీకి వీపు పెట్టి కూర్చునేది. బొమ్మ చూడ్డానికి లేదు, మాటలు వినడమే. అయితేనేం, పొద్దు వాలగానే మరదలు వంటింట్లోంచి కేకేసేది: "వదినా, టైమైంది, రండి." తనని రండి అని పిలిచే మనుషులు ఉన్నారని ఆమె లోలోపల పొంగిపోయేది. నేను లేకపోతే వీళ్లకి బొమ్మే రాదు అనుకునేది పిచ్చిది.

తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. తమ్ముడు కొట్టుగది గుమ్మం దాకా వచ్చి, ఎప్పటికి తగ్గుతుందని అడిగాడు. మ్యాచ్‌లు మొదలవుతున్నాయి మరి. తగ్గేదాకా ఆగలేక మనిషిని పిలిపించి, డాబా మీద గొట్టం పాతించి, పెద్ద యాంటెనాని టీవీ టవరు వైపు తిప్పి బిగించాడు. ఇక వానొచ్చినా గాలొచ్చినా బొమ్మ చెక్కుచెదరలేదు.

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. జ్వరం దిగి, గోడ పట్టుకుని వచ్చి, అలవాటుగా తన కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. తమ్ముడు చెప్పబోయాడు. ఈలోగా అతని కూతురు కన్ను గీటి, మూలన పడేసిన పాత యాంటెనాని తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"కొంచెం ఎడమకి తిప్పు అత్తా."

తిప్పింది.

"ఆఁ, ఇప్పుడొచ్చింది."

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు కూడా నవ్వేశాడు. నోరు విప్పి ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది గనక? అడ్డగాడిద. ఆ రోజు నుంచి ఇంట్లో టీవీ కన్నా అదే పెద్ద వినోదమైంది. ఆ పిల్ల రిమోట్‌తో టీవీ గొంతు నొక్కేసి, "పోయింది అత్తా, పైకెత్తు" అనేది. ఆమె తల మీదికెత్తి, భుజం లాగేస్తున్నా కార్యక్రమం అయిపోయేదాకా దించేది కాదు. కొట్టులో పనిచేసేవాళ్లు టీకి వచ్చి, చూసి, పొట్ట పట్టుకుని నవ్వి వెళ్లేవాళ్లు. టీవీలో నవ్వొచ్చే ఘట్టమేదో వస్తోందని ఆమె కూడా నవ్వేది.

ఒక సాయంత్రం ఆమెకు కునుకు పట్టి, యాంటెనా చేతిలోంచి జారి చాప మీద పడింది. గబుక్కున వెనక్కి తిరిగింది. తెర మీద ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడుస్తోంది, ఎక్కడా ఆగకుండా. అందరూ అటే చూస్తున్నారు. ఆమె నెమ్మదిగా యాంటెనా వైరు లాగింది. సోఫా కిందనుంచి తోకలా వచ్చేసింది. రెండో చివర దేనికీ తగిలించి లేదు.

ఎడమకన్నారు, కుడికన్నారు, పైకన్నారు. ఎవరెవరు చూసి నవ్వారో ఒక్కొక్క మొహమూ గుర్తొచ్చింది. తన చెయ్యి మీద తనకే అసహ్యం వేసింది. యాంటెనాని వాళ్ల మొహాన కొట్టి లేచిపోదామనుకుంది. లేచి ఎక్కడికి పోవాలి? వంటింటి వెనక మిషను దడదడమంటూనే ఉంది. వైరుని కాలితో సోఫా కిందికి తోసి, యాంటెనా తీసి మళ్లీ పట్టుకుంది.

ఎంత గొప్ప తమాషా అయినా ఎన్నాళ్లని? ఆ పిల్ల ఫోనులో పడిపోయింది. ఎడమకీ అనేవాళ్లు లేరు, కుడికీ అనేవాళ్లు లేరు. ఒకరోజు మరదలు కిటికీ వైపు చూస్తూ మొగుడితో అంది:

"ఆ కుర్చీ తీసేసి, అక్కడ చెప్పుల స్టాండు పెట్టుకుంటే బాగుంటుందేమో."

"ఊఁ, పెట్టుకోవచ్చు," అన్నాడు తమ్ముడు.

కాజాల అక్క కుర్చీలోంచి లేచింది.

"తమ్ముడూ, బొమ్మ మసగ్గా ఉన్నట్టుంది. ఒంటికాలి మీద నిలబడితే బాగా వస్తుందేమో, చూడనా?"

బొమ్మ అద్దంలా ఉంది. ఆ పిల్ల ఫోను పడేసి పడీ పడీ నవ్వింది. మరదలు కళ్లు తుడుచుకుంటూ సోఫా మీద ఒరిగిపోయింది.

"నిలబడక్కా, నిలబడు. ఇప్పుడెంత బాగా వస్తోందో," అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

ఆమె ఒక చేత్తో కిటికీ ఊచ, ఇంకో చేత్తో యాంటెనా పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. కుర్చీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గదిలో నవ్వు తగ్గినప్పుడల్లా ఆమె కాలు మార్చింది.