గడియారం తప్పిన మధ్యాహ్నం

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా స్టూడియో కంప్యూటర్ తారీఖు చాలా ఏళ్లు వెనక్కి పోయేది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. మార్పిద్దామని నేను పోరుతూనే ఉండేదాన్ని. స్టూడియో నడిపే చాచా వినేవాడు కాదు. "ఫొటో మంచిగనే వస్తుంది గద బేటీ, తారీఖుతోటి మనకేం పని" అనేవాడు. నెట్ ఉంటే తారీఖు దానంతట అదే సర్దుకునేది కాబట్టి నేనూ గొణుక్కుని పనిలో పడేదాన్ని.

ఆ వేసవిలో గాలిదుమారానికి అడవి దారిలో చెట్లు కూలి కేబుల్ తెగింది. చాలా రోజులు నెట్ లేదు, కరెంటు మాత్రం పోతూ వస్తూ ఉంది. ఆ రోజుల్లో తీసిన ఫొటోల ఫైళ్లన్నిటి మీదా పాత సంవత్సరమే పడింది.

డిస్క్ నిండిపోకుండా చాచా అంతకు ముందే ఎవరితోనో ఒక ప్రోగ్రాం పెట్టించాడు. తను నమాజుకు, నేను అన్నానికి లేచే వేళకు అది వెనకాల తనంతట తాను నడిచి, ఏడాది దాటిన ఫొటోలను తీసేస్తుంది. అడగదు, చెప్పదు. కంటికి కనపడకుండా జరిగే పనంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట.

నెట్ తిరిగొచ్చిన రోజే, చాచా నమాజుకు పోయిన వేళ, పర్ణశాల అవతలి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. వాళ్లమ్మ పోయింది. మరునాడు పెద్దకర్మ, దండ వేయడానికి ఫొటో కావాలి. ఫొటోకని ఫోను ఎత్తితేనే మొహం తిప్పుకునే మనిషట ఆవిడ. ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేయిస్తే అమ్మలాగా లేదన్నాడు. పోయే ముందు, నెట్ లేని ఆ రోజుల్లోనే, పింఛను కోసం మా దగ్గర దిగిన ఫొటో ఒక్కటే దిక్కు. దాని కాపీలన్నీ కాగితాలకు అంటించి ఆఫీసులో ఇచ్చేశారు.

"ఉంటది అన్నా, కూర్చో" అని ఫోల్డర్ తెరిచాను. ఆవిడ ఉంది. బొట్టు పెద్దది, చూపు సూటిగా ఉంది. చూస్తుండగానే పక్క ఫొటో మాయమైంది. దాని పక్కది కూడా. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తట్టింది. నెట్ వచ్చి తారీఖు సరైంది. మొన్న మొన్న తీసినవన్నీ ఆ ప్రోగ్రాంకు ఏళ్లనాటివిగా కనిపిస్తున్నాయి. మౌస్ ఆడలేదు. వంగి ప్లగ్గు పీకేశాను. అప్పటికే ఆవిడ పోయింది.

పోయిన ఫొటోలను వెతికి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి కూర్చున్నాను. అది నత్త నడక నడుస్తోంది. ఎవరెవరి మొహాలో వస్తున్నాయి, ఆవిడ రాదు. అతను బస్సు వేళ అడిగాడు, కాసేపాగి మళ్లీ అడిగాడు. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి పోవడం, రావడం. నమాజు నుంచి వచ్చిన చాచా మీద అరిచాను. ఆయన తల దించుకుని ఫ్రేము కోయడం మొదలుపెట్టాడు. ఫొటో రాకముందే ఫ్రేమేంటని ఇంకా కోపం వచ్చింది.

చివరికి వచ్చింది, సగం. నేను ప్లగ్గు పీకేలోపే, పొద్దున్నుంచి కాపీ అవుతున్న పెళ్లి వీడియో ఆ ఖాళీ జాగాలో పడి మిగతాది తినేసింది. నుదురు, బొట్టు, కళ్లు, ముక్కు సగం. కిందంతా బూడిద రంగు. నాకు ఏడుపొచ్చింది.

"గిట్ల ఇయ్యలేను అన్నా" అన్నాను.

అతను స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"కండ్లు వచ్చినయి గద చెల్లె. కింద ఎట్లయినా దండ పడతది."

బూడిద రంగును వెనక తెర నీలంలో కలిపి ప్రింటు తీశాను. చాచా ఫ్రేము బిగించాడు. బయట బస్సు హారన్ కొట్టింది. అతను ఫ్రేమును తువ్వాలలో చుట్టుకుని మెట్లు దిగుతుంటే ఉండబట్టలేక వెంట వెళ్లాను.

"అన్నా, దండ జర పెద్దది కట్టించు" అన్నాను.